పులస ధర

అంతర్వేది రేవులో వీరలక్ష్మికి ఒక అలవాటుందని అందరికీ తెలుసు. చేప పేరు ఎత్తిందంటే ధర చెప్పకుండా ఊరుకోదు. "నిన్న పండుగప్ప వండేనొదినా" అని అక్కడితో ఆగదు. "కిలో ఆరొందలు పలికిందనుకో, అయినా వండేను" అనాల్సిందే. ఇంటికొచ్చిన చుట్టానికి కంచంలో వేసే ముక్క కూడా ఎంతదో చెప్పి మరీ వేస్తుంది. గొప్పలకు పోయి కాదండీ. పుట్టింది రేవులో, పెరిగింది చేపల తట్టల మధ్య. జడ వేసుకోవడం రాకముందే తల్లి వెనకాల తట్ట మోసిన మనిషి. ధర నాలిక చివర లేకపోతే ఆ పూటకి పొయ్యి వెలగదని చిన్నప్పుడే తెలుసుకుంది. ఇక చేప వేరు, దాని ధర వేరు అంటే ఆవిడకెలా తెలుస్తుంది?

"ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, చేప పేరు చెప్పి ధర చెప్పకుండా నోరు మూసుకో చూద్దాం," అనేవాడు మొగుడు గంగబాబు. "నీకు వెండి పట్టీలు చేయించకపోతే నా పేరు గంగబాబే కాదు."

"చేయిస్తావులే పెద్ద! పట్టీలు ఎంతవుతాయో తెలుసా నీకు?" అనేది వీరలక్ష్మి.

"అదిగో, మళ్ళీ ధరే!" అని పడీ పడీ నవ్వేవాడు. వసారాలో కూర్చున్న అతని తల్లి అప్పలమ్మ కూడా బోసి నోటితో నవ్వేది.

గంగబాబు పడవ మనిషి. గోదావరి మీద పుట్టి, గోదావరి మీద తిరిగి, తన కష్టం మీద తప్ప ఎవరి సొమ్ము మీదా బతకనివాడు. అలాంటివాడికి రెండేళ్ళ కిందట ఒక వానాకాలంలో మొహం ఉబ్బింది, కాళ్ళు వాచాయి, రేవు గట్టు ఎక్కడానికి ఊపిరి చాల్లేదు. రాజోలు బస్టాండు వెనకాల చిన్న ఆస్పత్రి నడుపుతున్న డాక్టరు కృపానందం గారు పరీక్షలన్నీ చేయించి, రెండు కిడ్నీలూ పోయాయని చెప్పారు. ఇక వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి, బతికున్నంత కాలం అంతే అన్నారు.

వీరలక్ష్మి ముందు ఏడవలేదు. "ఎంతవుతుందండీ?" అని అడిగింది.

"మీ చేతి నుంచి ఏమీ అవదమ్మా. సర్కారు వారి ఆరోగ్య కార్డు ఉంది కదా. మీ తరఫున మాకు వాళ్ళిస్తారు," అన్నారు డాక్టరు గారు. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపులో బాధ ఎంతో, బరువు దిగిన సుఖం ఎంతో ఆవిడకే తెలియదు.

అలా మొదలైంది. ఉదయాన్నే ఆటో ఎక్కి, మలికిపురం మీదుగా రాజోలు. మంచం మీద గంగబాబు పడుకుంటే పక్కన మిషను గిరగిరా తిరుగుతూ ఉండేది. సాయంత్రానికి ఇల్లు. ఒంట్లో నీరు చేరకూడదని రోజంతటికీ ఇన్నే నీళ్ళని కొలిచి ఇచ్చేది వీరలక్ష్మి. "గోదారి మీద పుట్టినోణ్ణి పట్టుకుని గ్లాసుతో తాగమంటారేంటండీ డాక్టరు గారూ!" అని గంగబాబు అంటే ఆస్పత్రి అంతా నవ్వింది. పక్క మంచం మీద లిడియా అని ఒక ప్రైవేటు బడి టీచరు ఉండేది. చంటిబిడ్డ తల్లి. పాపం, కాన్పు తరువాత ఆ పిల్లకీ ఇదే గతి పట్టింది. "టీచరమ్మ గారూ, ఈ పూట నాకేం పాఠం చెప్తారండీ?" అని గంగబాబు ఆటపట్టిస్తుంటే, ఆ నాలుగ్గంటలూ ఇట్టే గడిచేవి.

డాక్టరు గారు ఒకసారి వీరలక్ష్మిని పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. "అమ్మా, గంగబాబు గుండె కూడా బలంగా లేదు. ఆస్పత్రి దగ్గరుంది కాబట్టి, ఒక్కసారి కూడా మానకుండా వస్తున్నారు కాబట్టి నిలబడ్డాడు. దూరాభారాలు తిరిగే ఒళ్ళు కాదు."

"ఆయ్ అండీ. ఎందుకు తిరుగుతామండీ, మీరుండగా," అంది.

ఆ ఆస్పత్రికి సర్కారు వారి డబ్బు సకాలంలో వచ్చేది కాదు. నర్సుల జీతాలు వెనకబడేవి. ఆ సంగతి కార్డు పనులు చూసే షైనీ అనే అమ్మాయి నోట అప్పుడప్పుడు జారేది. అయినా ఒక్క రోగి దగ్గర ఒక్క రూపాయి అడిగిన పాపాన పోలేదు ఆ మహానుభావుడు. అన్నిచోట్లా అలా ఉండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కార్డు మీద చేర్చుకుని, పైన కాస్త ఇవ్వమని చెవిలో చెప్పేవాళ్ళు లేకపోలేదు. అటువంటి వాళ్ళ ఆట కట్టించడానికే పథకం వాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ఆస్పత్రికి బిల్లు చెల్లించే ముందు రోగి ఇంటికి ఫోన్ చేసి అడుగుతారు. డబ్బు తీసుకున్నారని ఎవరైనా చెబితే చెల్లింపులు ఆగిపోతాయి, విచారణ తేలే దాకా ఆ ఆస్పత్రిలో కార్డు చెల్లదు. మంచి పద్ధతే. కాదని ఎవరంటారు?

ఇక గంగబాబుకి ఒక దిగులు పట్టుకుంది. ఊరికే చేయించుకుంటున్నానన్న దిగులు. "ఎవరి పడవా ఊరికే ఎక్కలేదే నేను. నా పడవ ఎక్కినోణ్ణి ఊరికే దింపలేదు. ఆ బాబు నా ఒంట్లో రక్తం కడుగుతున్నాడు. నేను ఆయనకేం చేసేను?" అనేవాడు. సర్కారు ఇస్తుంది కదా మావా అని ఈవిడ అంటే, "సర్కారిచ్చేది సర్కారుది. నాదేది?" అనేవాడు. ఏం చెబుతాం అలాంటి మనిషికి!

శ్రావణంలో గోదావరికి పులసలు ఎదురీదే వరద ఎర్రనీళ్ళు వచ్చాయి. గంగబాబు పడవని అప్పటికే వీరలక్ష్మి తమ్ముడు వెంకన్న నడుపుతున్నాడు. ఒక ఉదయం ఆ వలలో పులస పడింది. మామూలు పులస కాదు. రెండు కిలోల పైమాటే, కడుపు నిండా గుడ్ల జన, వెన్నంతా వెండి. గట్టు మీదికి చేరకముందే కొనేవాళ్ళు మూగారు. వీరలక్ష్మి నడుం బిగించి బేరం పెంచుకుంటూ పోయి, ఒక షావుకారు చేత పద్దెనిమిది వేలు అనిపించింది. ఆ ఏడాది రేవులో అదే పెద్ద మాట. ఆవిడ మొహం వెలిగిపోయింది.

అప్పుడు గంగబాబు తల్లి భుజం పట్టుకుని గట్టు దిగి వచ్చాడు. "అమ్మకండి. అది డాక్టరు గారికి," అన్నాడు.

"మావా! పద్దెనిమిది వేలు!"

"ఎంతైతే ఏంటే? పడవ నాది, వల నాది, చేప నాది. బామ్మర్ది వాటా తరవాత సర్దుతాను. నా బతుకులో ఒక్కటైనా నేను ఇచ్చుకోవాలి కదా."

వీరలక్ష్మి గుండె చివుక్కుమంది. కానీ మొగుడి మొహం చూసింది. రెండేళ్ళ తరువాత ఆ మొహంలో మళ్ళీ పడవ మనిషి కనిపించాడు. పెళ్ళికి వెంకన్న పెట్టిన స్టీలు బేసిను తీసింది. అడుగున అరిటాకు పరిచి, ఐసు పోసి, పులసని పడుకోబెట్టి, పైన మరో ఆకు కప్పి, ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది.

డాక్టరు గారు చూసి రెండు అడుగులు వెనక్కి వేశారు. "అయ్యయ్యో, వద్దమ్మా. ఇలాంటివి తీసుకోకూడదు. అమ్ముకోండి, ఇంట్లో పనికొస్తుంది."

"తీసుకోపోతే నేను మంచం ఎక్కనండి," అన్నాడు గంగబాబు గుమ్మంలోంచే. "ఆయ్. నిజంగానే అంటున్నానండి. వెనక్కెళ్ళిపోతాను."

కృపానందం గారు బేసిను వంక చూశారు. తరువాత నెమ్మదిగా అన్నారు. "మా నాయనమ్మ కూలికెళ్ళేది. మిషనరీ ఆస్పత్రిలో డాక్టరమ్మ గారు ఆవిడ ప్రాణం నిలబెడితే, పాదున కాసిన ఆనపకాయ పట్టుకెళ్ళిందట. ఆ డాక్టరమ్మ గారు వద్దన్నారట. మా నాయనమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదని మా నాన్న చెప్పేవారు." అని, రెండు చేతులూ చాచి బేసిను అందుకున్నారు. గంగబాబు మంచం ఎక్కి పడుకున్నాడు. ఆ రోజు సూది గుచ్చినప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు.

బేసిను మాత్రం వెంటనే తిరిగి రాలేదు. వట్టి గిన్నె పంపకూడదని, కేకు చేసినప్పుడు నింపి పంపుతానని డాక్టరు గారి భార్య విజయకుమారి గారు ఇంట్లో ఉంచుకున్నారు.

ఫోన్ ఆ తరువాత వచ్చింది. వీరలక్ష్మి చేపలు తోముతోంది. ఒక అమ్మాయి గొంతు, ఎంతో మర్యాదగా, ఎక్కడో దూరాన్నుంచి. మీ ఆయనకి డయాలసిస్ సరిగ్గా చేస్తున్నారా, మందులిస్తున్నారా అని అడిగింది. "బంగారం లాంటి డాక్టరు గారండి," అంది వీరలక్ష్మి. ఆస్పత్రి వాళ్ళకి మీరేమైనా ఇచ్చారా అని అడిగింది.

ఈవిడ ఒళ్ళు పొంగిపోయింది. చేసిన పని చెప్పుకోవద్దూ? ఏమీ ఇవ్వలేదంటే మొగుడి పరువేం కావాలి?

"ఇచ్చేమండి! ఇవ్వకుండా ఎలా ఉంటామండి? పద్దెనిమిది వేలండి! పులసండి. రేవులో ఈ ఏడు అంత ధర ఎవరికీ రాలేదండి. ఆయన వద్దంటే వద్దన్నారండి, మేమే బలవంతంగా ఇచ్చేమండి."

"పద్దెనిమిది వేలు. అంతేనాండీ?"

"ఆయ్ అండీ. పైసా తక్కువ కాదండి."

ఆ అమ్మాయిది తప్పు కాదు. ఆ పిల్ల ముందున్న కంప్యూటరులో ఇచ్చారా లేదా అన్న ప్రశ్న ఉంది, ఎంత అన్న ప్రశ్న ఉంది. చేప అని రాయడానికి చోటు లేదు.

తరువాతి వారం రాజోలు వెళ్ళేసరికి ఆస్పత్రి వరండాలో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. మిషన్ల గదికి తాళం. లిడియా బిడ్డని భుజాన వేసుకుని గోడకి ఆనుకుని నిలబడింది. కార్డు ఆపేశారట. ఎవరో రోగి తాలూకు మనిషి, ఆస్పత్రికి డబ్బు కట్టామని ఫోన్లో చెప్పారట.

వీరలక్ష్మి భగ్గుమంది. "ఎవరండీ ఆ మాటన్నది? ఈ బాబు మీద అంత అబద్ధం ఎలా చెప్పేరండీ? ఆ నోరు పడిపోనూ! వాళ్ళ ఇల్లు ఆరిపోనూ!" అని మెటికలు విరిచింది. తోటివాళ్ళంతా "నిజమేనమ్మా" అన్నారు.

షైనీ లోపల్నుంచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "పిన్ని గారూ, మీరోసారి లోపలికి రండి." డాక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఆ పిల్ల కళ్ళెర్రగా ఉన్నాయి. "పిన్ని గారూ, ఫిర్యాదు మీ పేరు మీద ఉంది. పద్దెనిమిది వేలు ఇచ్చేమని చెప్పేరా?"

ఒక్క క్షణం అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. ఆ నోరు ఎవరిదో, ఆ ఇల్లు ఎవరిదో తెలిసిపోయింది. తను ఇప్పుడే వరండాలో నిలబడి ఏమని తిట్టిందో గుర్తొచ్చి, అరచేత్తో తన నోటి మీద తనే కొట్టుకుంది. కొడుతూనే ఉంది. డాక్టరు గారు లేచి వచ్చి చేతులు పట్టుకుని ఆపారు.

"చేప కదండీ! నేను చేప ధర చెప్పేనండీ బాబూ! పులస అని కూడా చెప్పేనండీ!"

"తెలుసమ్మా. తీసుకున్నవాణ్ణి నేనేగా. అదే రాసి పంపించాను. విచారణకి పిలుస్తారు. పిలిచినప్పుడు చెబుదాం."

"ఎప్పుడు పిలుస్తారండీ?"

ఆయన షైనీ వంక చూశారు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ గంగబాబు అన్నీ విన్నాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని వీరలక్ష్మి ఇవాళ్టికీ అనుకుంటుంది. కృపానందం గారు తన దగ్గరున్న సామానుతో కొద్దిమందికి ఊరికే చేస్తానని, గుండె బాగాలేదు కాబట్టి గంగబాబుని ముందు ఎక్కమని అన్నారు.

"టీచరమ్మ గారికి చెయ్యండి," అన్నాడు గంగబాబు.

"మావా!"

"నువ్వూరుకో. చేప పంపిందెవరు? నేను. నా మూలంగా గదికి తాళం పడితే, నేనే ముందు తోసుకుంటూ వెళ్ళి మంచం ఎక్కనా? బయట ఆ బిడ్డ తల్లి నిలబడుంది. నాకు సిగ్గు లేదా?"

డాక్టరు గారు చెప్పారు, షైనీ బతిమాలింది, వీరలక్ష్మి కాళ్ళు పట్టుకుంది. మొండితనంలో గంగబాబుని మించినవాడు లేడు. ఆటో ఎక్కి కూర్చున్నాడు, అంతే.

అమలాపురంలో కార్డు మీద చేసే చోట మంచాలు ఖాళీ లేవు. కాకినాడ వెళ్ళారు. అక్కడివాళ్ళు కాదనలేదు, ఎంతో శ్రద్ధగా చేశారు. కానీ అంతర్వేది ఎక్కడ, కాకినాడ ఎక్కడ! ఆటో దిగి బస్సు, బస్సు దిగి మరో బస్సు. వెళ్ళినరోజు తిరిగి రాలేక వరండాల్లో పడుకోవడం. వానలో తడిసిన ఒళ్ళు ఆరకుండానే మళ్ళీ ప్రయాణం. మనిషి చూస్తుండగానే చిక్కిపోయాడు. మొహం మాత్రం ఉబ్బింది. దారిలో దాహం అంటే కొలిచి పోయడానికి వీరలక్ష్మికి చెయ్యి వచ్చేది కాదు. పోస్తే ప్రాణం మీదికి, పోయకపోతే కడుపు తరుక్కుపోతుంది.

"ఈ వారం ఒక్కసారికి మానేద్దామే. ఒళ్ళు లేవట్లేదు," అన్నాడు ఒకరోజు. వీరలక్ష్మి ఒప్పుకుంది. ఆవిడ ఒళ్ళు కూడా లేవడం లేదు మరి. ఆ మర్నాడు ఆయాసం మొదలైంది. వెంకన్న కారు మాట్లాడుకొచ్చాడు. ముందు సీట్లో వెంకన్న, వెనక తల్లి ఒక పక్కన, పెళ్ళాం ఒక పక్కన, మధ్యలో గంగబాబు. అమలాపురం దాటారు, ముమ్మిడివరం దాటారు. ఎదుర్లంక వారధి ఎక్కేసరికి గాలి కావాలని అద్దం దించమన్నాడు. కింద గోదావరి నిండుగా పోతోంది.

"ఎర్రనీళ్ళు తీసేస్తున్నాయే," అన్నాడు ఊపిరి ఎగబీలుస్తూ. "ఇంక పులస ఉండదు."

"మాట్లాడకు మావా. వచ్చేసేం."

"చేప తిన్నారంటా డాక్టరు గారు? బాగుందన్నారా?"

"అన్నారు మావా. చాలా బాగుందన్నారు. పొద్దుటే అన్నారు." నిజానికి ఆ మాట ఎవరూ అనలేదు. ఆ గొడవలో ఆ మాట అడిగే తీరిక ఎవరికుంది? కానీ అతను విన్నాడు. తల ఊపి, తల్లి భుజం మీద వాల్చాడు. వారధి దిగేలోపు అయిపోయింది. కాకినాడ వెళ్ళాల్సిన కారు అక్కడే వెనక్కి తిరిగింది.

విచారణకి రమ్మని కబురు పెద్దకర్మ కాకముందే వచ్చింది. అమలాపురం రావాలి, రోగి తాలూకు మనిషే స్వయంగా రావాలి, లేకపోతే మరో వాయిదా. మరో వాయిదా అంటే ఎన్నాళ్ళో! మొగుడు పోయిన మనిషి పెద్దకర్మ దాకా గడప దాటకూడదని రేవులో ఆడవాళ్ళన్నారు. తరువాత వెళ్ళవచ్చు లెమ్మన్నాడు వెంకన్న కూడా. వీరలక్ష్మి మూల నుంచి కదల్లేదు. ఈ నోటితో ఇంకెక్కడా ఏమీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది.

అప్పలమ్మ లేచి వచ్చి కోడలి ముందు నిలబడింది. "లే."

"నేను రాను అత్తా. నా నోరు మంచిది కాదు."

"నా కొడుకు పోయేడు. ఎంత ఏడ్చినా రాడు. ఆడు మంచం ఇచ్చి వచ్చిన ఆ టీచరమ్మ కూడా పోవాలా? డాక్టరు గారి దగ్గర సామాను అయిపోవచ్చిందంట, షైనీ ఫోన్ చేసి ఏడ్చింది. లే. ఎవరేమంటారో నేను చూసుకుంటాను." అని, చీర కొంగు కోడలి తల మీదుగా తనే కప్పి, చెయ్యి పట్టుకుని నడిపించింది. గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు.

ఆఫీసులో విచారణాధికారి శ్యామ్ సుందర్ గారు నెమ్మదైన మనిషి. ఈవిడ వాలకం చూసి కుర్చీ వేయించారు. ఎదురుగా కృపానందం గారు, షైనీ. బల్ల మీద స్టీలు బేసిను. డబ్బు కాదు, చేప అనడానికి నిదర్శనంగా డాక్టరు గారు దాన్ని తెచ్చారు. అంచు మీద చుక్కలతో చెక్కిన పేర్లని అధికారి దగ్గరగా పెట్టుకుని చదివారు.

"గంగబాబు, వీరలక్ష్మి. ఇది మీదేనాండీ?"

"ఆయ్ అండీ," అంది. ఆ రెండు పేర్లూ ఇంకొకరి నోట కలిపి వినేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పలమ్మ వీపు నిమిరింది.

"ఇందులో పులస పెట్టి ఇచ్చామంటున్నారు. సరే, నమ్ముతాను. నేనూ ఈ గోదారి సీమవాణ్ణే. కానీ ఒక చిక్కుంది. డబ్బే కాదు, విలువైన వస్తువు తీసుకున్నా తప్పే అని రూలు. మీరు ఫోన్లో పద్దెనిమిది వేలన్నారు." ఆయన పెన్ను తీసి ఆగారు. "మళ్ళీ అడుగుతున్నాను. బాగా ఆలోచించుకుని చెప్పండి. ఆ చేప ధరెంత?"

డాక్టరు గారు తలదించుకున్నారు.

పద్దెనిమిది వేలు. ఆవిడ జన్మలో పలికించిన అన్నిటికంటే పెద్ద ధర. నాలిక చివరే ఉంది. ఆ ఉదయం రేవు, మూగిన జనం, షావుకారు మొహం, తల్లి భుజం పట్టుకుని గట్టు దిగి వస్తున్న గంగబాబు, అన్నీ కళ్ళముందు మెదిలాయి. మొగుడు జీవితం మొత్తంలో ఇచ్చుకున్న ఒకే ఒక్క కానుక. అది ఎంతదో నలుగురికీ చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది.

"ధర లేదండి," అంది.

"అంటే?"

"అమ్మితేనే కదండీ ధర. మేము అమ్మలేదండి. గోదారిలో పడింది, ఆయన ఇచ్చుకున్నారు. అంతేనండి."

"మరి ఫోన్లో చెప్పింది?"

"చేపలమ్ముకునేదాన్నండి. నోటి అలవాటండి. అందులో ఏం లేదండి."

శ్యామ్ సుందర్ గారు ఆవిడ వంక చాలాసేపు చూశారు. శ్రావణంలో పులస ధర తెలియని మనిషి ఆ గదిలో ఒక్కరూ లేరు. ఆయన కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టించుకుని, బేసిను ఆవిడ వైపు జరిపారు. "సోమవారం నుంచి కార్డు చెల్లుతుంది డాక్టరు గారూ," అన్నారు.

బయట మెట్ల మీద కృపానందం గారు వీరలక్ష్మికి చేతులు జోడించారు. "మా ఆవిడ దీన్ని వట్టిది ఇవ్వకూడదనుకుందమ్మా. ఏం పెట్టాలో తోచలేదు," అన్నారు.

"పర్లేదండి," అంది వీరలక్ష్మి. తరువాత అడిగింది. "డాక్టరు గారూ, చేప బాగుందాండీ?"

"చాలా బాగుందమ్మా," అన్నారాయన. అని, కళ్ళజోడు తీసేశారు.

తిరుగు బస్సులో అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. వీరలక్ష్మి ఒళ్ళో వట్టి బేసిను. పాశర్లపూడి దాటాక అప్పలమ్మ కోడలి పాదాల వంక చూసింది. బోసి పాదాలు, రేవు మట్టి ఇంకా వదలనివి. ముసలావిడ వాటిని చూస్తూ చూస్తూ, కొడుకు పోయిన రోజున కూడా బయటికి రాని ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది.

"చేప పేరు చెప్పి ధర చెప్పకుండా ఉన్నావే ఇయ్యాళ," అంది. "నా కొడుకు నీకు పట్టీలు బాకీ పడ్డాడే అమ్మా."